సంఘ కార్యాలయమునకు ఏ ఫైలు సర్వరు తగును?

మన చెన్నై సంఘములలో పద్దులు వ్రాయు గుమాస్తాకు విండోసు, అంచుల డిజైను గీయువారికి మాకింటోషు, మూలనున్న పాత యంత్రముపై లినక్సు ఉండుట మామూలే. ఈ మూటికి ఉమ్మడి బీరువా వంటిది ఫైలు సర్వరు. నూలు పద్దు, కూలి పద్దు ఒక్కరి డిస్కులోనే ఉన్నచో, అది చెడిన నాడు ఏ సభ్యునికెంత బాకీయో చెప్పగలవారుండరు.

ఐదారు యంత్రములకు విండోసు 11 యంత్రమే సర్వరుగా చాలును. లైసెన్సు ప్రకారము 20కి మించి కలుపరాదు. నాకు నచ్చినది లినక్సుపై నడచు 'సాంబా'. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన ఈ ఉచిత సాఫ్టువేరు విండోసు వాడు ఎస్.ఎం.బి. పద్ధతిలోనే ఫైళ్లు అందించును. ఆపిల్ వారును 2013 నుండి ఆ పద్ధతికే మొదటి స్థానమిచ్చిరి. లినక్సు కొరకు దూరము పోనక్కరలేదు; చెన్నై సీ-డాక్ వారు 2007లోనే 'బాస్' వెలువరించిరి.

తెలుగు పేర్లతో ఒక చిక్కు కలదు. లినక్సులో సాధారణముగా ఫైలు పేరు 255 బైట్లు మించరాదు. తెలుగులో ప్రతి అక్షరమునకు, గుణింతపు గుర్తుకు సైతము, 3 బైట్లు పట్టును. విండోసులో ఇమిడిన పొడుగు పేరును సర్వరు త్రోసివేయును. పేర్లు పొట్టిగా పెట్టుడు.

పాత ఎక్స్‌పీ యంత్రము కొరకని మొదటి తరపు ఎస్.ఎం.బి.ని తెరచి ఉంచవద్దు. 2017 మేలో 'వాన్నాక్రై' ఆ దారినే వ్యాపించెను.

జంట డిస్కులు మంచివే గాని, పొరపాటున చెరిపినది రెంటిలోను చెరుగును. మూడవ ప్రతి వేరొక యింట, మేడమీద ఉండవలెను. 2015 డిసెంబరు వరద మరువలేదు గదా! నెలకొకసారి అందులోని పద్దొకటి తెరచి చూచుట కార్యదర్శి పని.