ముందు డబ్బా, తర్వాతే బొమ్మ

అన్నాన్ని పాండా ఆకారంలో ఒత్తి, నల్లటి సముద్రపు నాచు రేకును కత్తిరించి కళ్ళూ చెవులూ అతికించి, పక్కనే క్యారెట్ పువ్వులూ బ్రోకలీ చెట్లూ పేర్చిన జపాన్ పిల్లల లంచ్ బాక్సుల ఫొటోలు ఇప్పుడు మన ఇళ్ళలోని ఫోన్లలోకీ వచ్చేశాయి. వాటిని చూసిన తల్లిదండ్రులు రెండు రకాలుగా స్పందిస్తారు. ఇంత ముద్దుగా పెడితే మా వాడూ కూరలు తింటాడని కొందరు ఆశపడతారు. ఏడింటికల్లా స్కూలు బస్సు వస్తుంటే ఈ బొమ్మలాటకు తీరికెక్కడిదని మరికొందరు పెదవి విరుస్తారు. ఇద్దరి దృష్టీ పాండా మీదే ఉంది. కానీ బెంటో అనే ఈ జపాన్ డబ్బా భోజనం పిల్లలకు మేలు చేసేదిగా పేరు తెచ్చుకున్నది వేరే మూడు విషయాల వల్ల: డబ్బా పరిమాణం, అందులో దేనికెంత చోటు అన్న లెక్క, చల్లారాక కూడా పాడవకుండా రుచిగా ఉండే వంటల ఎంపిక. ముద్దుగా కనిపించడం వీటన్నిటి తర్వాత వచ్చేది. ఆ వరుస తారుమారైతే అందం మిగిలినా ఆరోగ్యం మిగలదు.

అసలు బెంటో పిల్లల కోసం పుట్టలేదు. ప్రయాణానికీ పనికీ వెళ్ళేవాళ్ళు వెంట తీసుకుపోయే ఎండు అన్నం, అన్నం ముద్దలతో అది మొదలైంది. జపాన్ చరిత్రలో ఎడో అని పిలిచే కాలంలో నాటకశాలలకు వెళ్ళినవాళ్ళు అంకానికీ అంకానికీ మధ్య తినే భోజనంగా మకునోఉచి బెంటో పేరుపొందింది. రైళ్ళు వచ్చాక స్టేషన్లలోకీ చేరింది. 1885లో ఉత్సునొమియా స్టేషన్లో వెదురు పొరలో చుట్టి అమ్మిన అన్నం ముద్దలే తొలి రైల్వే బెంటో అని ఎక్కువగా చెబుతారు. ఆ ముద్దల్లో పెట్టింది ఉమెబొషి, అంటే ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన పుల్లటి ఉమె కాయ. కూలివాడైనా, నాటకం చూసేవాడైనా, రైలు ప్రయాణికుడైనా బెంటో తినేవాడి పరిస్థితి ఒక్కటే. వండినవాళ్ళు దగ్గర ఉండరు, వేడి చేసుకునే వీలుండదు, వండిన గంటల తర్వాత తినాలి, మారు వడ్డన ఉండదు. బెంటోకు ఉన్న నియమాలన్నీ ఈ ఇబ్బందుల్లోంచి వచ్చినవే.

ఇక్కడ మనవాళ్ళకు అంతగా తెలియని సంగతి ఒకటుంది. జపాన్లో బడి పిల్లలందరూ రోజూ బెంటో పట్టుకెళ్ళరు. 1954లో పాఠశాల భోజన చట్టం వచ్చింది. నేడు దాదాపు అన్ని ప్రాథమిక పాఠశాలల్లో వేడి భోజనం బడిలోనే పెడతారు. ఇంటి నుంచి బెంటో వెళ్ళేది ముఖ్యంగా మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు చదివే కిండర్‌గార్టెన్లకు, విహారయాత్రలకు, ఆటల పోటీల రోజుకు, తర్వాత మళ్ళీ హైస్కూలుకు. ప్రపంచమంతా మురిసిపోతున్న ముద్దు బెంటోలు చాలావరకు ఆ మూడు నుంచి ఐదేళ్ళ వయసువారివే. తల్లి పక్కన లేకుండా పిల్లలు సొంతంగా తినడం మొదలుపెట్టే వయసు అది. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలకు చందమామను చూపించి గోరుముద్దలు తినిపిస్తాం. ఎంత పెట్టాలో, ముద్ద ఎంత చిన్నదిగా చేయాలో, ఎప్పుడు బుజ్జగించాలో ఆ చేతికి తెలుసు. కిండర్‌గార్టెన్ బల్ల ముందు ఒంటరిగా కూర్చున్న పిల్లకు ఆ చేయి అందదు, కాబట్టి దాని పనంతా డబ్బాయే చేయాలి.

మొదటి పని కొలత. కిండర్‌గార్టెన్ పిల్లల బెంటో డబ్బాలో సుమారు 300 మిల్లీలీటర్లు పడుతుంది, చిన్న గిన్నెడంత. జపాన్ పోషకాహార నిపుణురాలు అదాచి మియుకి ప్రచారంలోకి తెచ్చిన 3-1-2 పద్ధతి ఈ డబ్బానే కొలపాత్రగా మార్చేసింది. డబ్బాను ఆరు భాగాలనుకుంటే మూడు భాగాలు అన్నం, ఒక భాగం చేప, గుడ్డు, మాంసం, సోయా వంటి మాంసకృత్తులు, రెండు భాగాలు కూరగాయలు. కదలకుండా నిండుగా సర్దాలి. నూనెలో వేయించిన వంటకం ఒకటికి మించకూడదు. ఇలా సర్దితే డబ్బా ఎన్ని మిల్లీలీటర్లో అందులోని ఆహారం దాదాపు అన్ని కేలరీలు ఇస్తుంది. 600 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 600 కేలరీల భోజనం ఉంటుంది. తూకం, పట్టికలు అవసరం లేకుండా కంటితోనే తేల్చుకోగలగడం ఈ పద్ధతి గొప్పతనం. నిండుగా సర్దమనడం వెనక కూడా కారణముంది. ఖాళీ ఉంటే డబ్బా కుదుపులకు అన్నీ కలిసిపోవడమే కాదు, లెక్కా తప్పుతుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు అనే ఐదు రంగులు డబ్బాలో కనిపించాలన్న జపాన్ గృహిణుల పాత సూత్రం కూడా ఈ లెక్కకే తోడు. రంగులన్నీ రావాలంటే కూరగాయల్లో రకాలు ఉండక తప్పదు. అన్నం, వేపుడు, ఉడికించిన బంగాళదుంప మాత్రమే ఉన్న డబ్బా తెల్లగానూ గోధుమరంగులోనూ ఉండి తన లోపాన్ని తానే బయటపెట్టుకుంటుంది. బెంటో అందంలో పెద్ద వాటా ఇలా పోషకాల లెక్క సరిపోయినందువల్ల వచ్చిందే.

ముద్దుగా ఉంటేనే పిల్లలు తింటారు కదా అన్న వాదనను కొట్టిపారేయలేం. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు కొత్త తిండిని అనుమానంగా చూడడం సహజం. నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకు అవే పండ్లను మామూలుగానూ, ఆకర్షణీయంగా అమర్చీ ఇచ్చారు. పిల్లలు అమర్చిన పండ్లనే ఎక్కువ తిన్నారు. కాబట్టి కంటికి నచ్చడం పనిచేస్తుంది. కానీ ఈ మాట ఎంత దూరం వెళ్తుందో జాగ్రత్తగా చూడాలి. సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలోని ఎల్మో బొమ్మ స్టిక్కరు అంటిస్తే పిల్లలు ఆపిల్ ఎక్కువగా తీసుకుంటున్నారని చెప్పిన అమెరికా అధ్యయనం 2012లో ఎంతో పేరుపొందింది. అందులో ఎనిమిది నుంచి పదకొండేళ్ళ పిల్లలని రాసినవారు నిజానికి మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలని తేలడంతో, ప్రచురించిన వైద్య పత్రికే 2017లో దాన్ని ఉపసంహరించింది. బొమ్మ ఒక్కపూట చేయి ముందుకు చాపిస్తుందేమో కానీ, అలవాటు చేయడం దానివల్ల కాదు. ఇష్టం లేని కూర పిల్ల నోటికి అలవాటవడానికి పదిసార్లకు పైగా రుచి చూపించాల్సి రావచ్చని పిల్లల ఆహారపు అలవాట్లపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అంటే కావలసింది ఒక్కరోజు అద్భుతం కాదు, విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ పెట్టగలగడం. గంట పట్టే పాండా నెలలో ఒకసారి వస్తే గొప్ప. నక్షత్రంగా కోసిన రెండు క్యారెట్ ముక్కలు రోజూ రాగలవు. రెండో దానికే పిల్ల నాలుక అలవాటుపడుతుంది.

కార్టూన్ బొమ్మల బెంటోను జపాన్లో క్యారాబెన్ అంటారు. బొమ్మే ముఖ్యమైనప్పుడు వంట ఎటు జారుతుందో దాని డబ్బా చూస్తే తెలుస్తుంది. మొహాలకు నునుపైన, గట్టిగా నిలిచే, కత్తిరించడానికి వీలైన పదార్థాలు కావాలి. అందుకే సాసేజ్, చీజ్ పలక, చేప పిండితో చేసిన కమబొకొ, హామ్ వంటివి ఎక్కువవుతాయి. వీటిలో చాలావాటిలో ఉప్పు ఎక్కువ. పాలకూర కూరతో, బెండకాయతో బొమ్మలు చేయడం కష్టం కాబట్టి అవి తప్పుకుంటాయి. పైగా పాండా చెవులు అతికించేవారి వేళ్ళు అన్నాన్ని ఎన్నోసార్లు తాకుతాయి, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాకు అదే దారి. అది తయారుచేసే విషం తర్వాత వేడి చేసినా పోదు. వండిన అన్నంలో బతికి ఉండగల బాసిల్లస్ సెరియస్ బ్యాక్టీరియా సంగతీ అంతే. అందుకే జపాన్ తల్లులకు చెప్పే నియమాల్లో మొదటివి అలంకరణవి కావు: అన్నం పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, తడి ఉండకూడదు, ముద్దను చేత్తో కాక ప్లాస్టిక్ పొరతో ఒత్తాలి, వేసవిలో డబ్బా పక్కన ఐస్ ప్యాక్ ఉండాలి. ఉమెబొషి పులుపు కాపాడుతుందన్న నమ్మకానికి కొంత ఆధారం ఉన్నా, ఆ ప్రభావం అది తగిలిన చోటికే పరిమితం. ముద్దుగా ఉండే చెర్రీ టమాటాను, ద్రాక్షను చిన్నపిల్లలకు నాలుగు ముక్కలు చేసి పెట్టమనీ, గట్టి పప్పులూ గింజలూ ఐదేళ్ళూ అంతకు తక్కువ వయసూ ఉన్న పిల్లలకు పెట్టవద్దనీ జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ హెచ్చరిస్తుంది, గొంతుకు అడ్డం పడతాయని.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది: ఇదంతా తల్లి మీద పడే బరువు కదా? అమెరికా మానవశాస్త్రవేత్త ఆన్ అలిసన్ 1991లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దీన్నే ఎత్తి చూపారు. టోక్యో కిండర్‌గార్టెన్‌లో పిల్ల డబ్బా మొత్తం ఖాళీ చేయాలని ఆశిస్తారనీ, ఆ డబ్బాను బట్టే తల్లిని అంచనా వేస్తారనీ, అలా చిన్న డబ్బా ద్వారా పిల్లకూ తల్లికీ సమాజం తన క్రమశిక్షణ నేర్పుతుందనీ ఆమె వాదన. అందులో చాలా నిజం ఉంది. పిల్లల మధ్య పోటీ, చిన్నబుచ్చుకోవడం పెరుగుతున్నాయని కొన్ని కిండర్‌గార్టెన్లు క్యారాబెన్ తేవద్దన్నాయి కూడా. అయితే ఈ విమర్శ వేలెత్తి చూపేది ప్రదర్శనను. కొలతకు అంత శ్రమ అక్కర్లేదు. జపాన్ ఇళ్ళలో మామూలు రోజుల బెంటో రాత్రి వండిన కూరలోంచి ముందే తీసి ఉంచినదో, సెలవు రోజున చేసి ఫ్రిజ్‌లో పెట్టుకున్నదో, చుట్టిన గుడ్డట్టుతో కలిపి సర్దినదే. ఆ పనిని ఆడవాళ్ళ నెత్తినే పెట్టడం అన్యాయం. దానికి మందు పనిని పంచుకోవడం.

ఆ పంచుకోవడం ఎంత దూరం వెళ్ళగలదో చూపిన ప్రయత్నం జపాన్లోనే ఉంది. 2001లో కగవా రాష్ట్రంలోని తకినొమియా ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు తకెషితా కజువో 'బెంటో రోజు' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. 5, 6 తరగతుల పిల్లలు అక్టోబరు నుంచి నెలకోసారి తమ బెంటో తామే చేసుకోవాలి. ఏం వండాలో అనుకోవడం, సరుకులు కొనడం, వండడం, సర్దడం, గిన్నెలు కడగడం అన్నీ వాళ్ళవే, పెద్దలు చేయి వేయకూడదు. జపాన్లో 5వ తరగతి నుంచి ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి గృహవిజ్ఞానం చదువుతారు కాబట్టి పునాది బడిలోనే పడుతుంది. ఈ పద్ధతి తర్వాత దేశంలోని ఎన్నో బడులకు పాకింది, 2005లో వచ్చిన ఆహార విద్య మౌలిక చట్టం కూడా ఇలాంటి ఆలోచనకే ఊతమిచ్చింది. తినిపించడానికి మొదలైన డబ్బా, వండడం నేర్పే పాఠ్యపుస్తకమైంది. అన్నం ఎంత, కూర ఎంత అని తనే కొలిచి సర్దిన పిల్లకు పోషకాహారం గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

మన వంటింట్లో దీన్ని ఎంతవరకు తీసుకోవచ్చు? పాండాను తేవడం కష్టమే, దానికి కారణం బియ్యంలోనే ఉంది. జపాన్ పొట్టి గింజ బియ్యంలో అమైలోజ్ తక్కువ, అందుకే అన్నం జిగటగా ఉండి చల్లారినా మెత్తగా నిలుస్తుంది. పొడిపొడిగా ఉంటేనే మెచ్చుకునే మన సన్నబియ్యపు అన్నం చల్లారితే బిరుసెక్కుతుంది, బొమ్మగా ఒత్తితే విడిపోతుంది. చల్లటి అన్నం మనకు నచ్చదన్న అభ్యంతరానికి జవాబు మాత్రం మన దగ్గరే ఉంది. చింతపండు పులుపు, నూనె పట్టిన పులిహోర చల్లగా తినడానికి చేసుకున్నదే. చిన్నపిల్లల డబ్బాలో దాని వేరుశెనగపప్పు తీసేస్తే సరి. లోటు మరోచోట ఉంది. నిమ్మకాయ పులిహోర, టమాటా రైస్, జీరా రైస్ అంటూ డబ్బా నిండా అన్నమే నింపి, రోజుకో పేరు పెట్టి రకాలు మారుస్తున్నామనుకుంటాం. 3-1-2 లెక్కలో చూస్తే ఆరు భాగాలూ అన్నమే. 360 మిల్లీలీటర్ల డబ్బా అనుకుంటే 180 అన్నం, 60 ముద్దపప్పో గుడ్డో మెత్తటి సెనగలో, 120 రెండు రంగుల కూరలు. క్యారెట్ బీన్స్ వేపుడు, బీట్‌రూట్ తురుము, నీళ్ళు వదలని ఆకుకూర ఏదైనా సరే. ఇందులో కొత్తగా కొనాల్సిన సరుకు ఏదీ లేదు, కొత్తగా నేర్చుకోవాల్సిన వంటా లేదు.

కాబట్టి బెంటో మొదలుపెట్టాలనుకునే ఇల్లు ముందుగా కొనాల్సింది కుందేలు అచ్చులూ రంగుల టూత్‌పిక్‌లూ కాదు. పిల్ల వయసుకు సరిపడే, అన్నానికీ కూరకూ విడి అరలున్న, మూత గట్టిగా పట్టే డబ్బా చాలు. అందులో సగం అన్నం, మూడోవంతు కూరలు వారానికి ఐదు రోజులు వెళ్తే పెద్ద పని అయినట్టే. ఆ తర్వాత తీరిక ఉన్న రోజున క్యారెట్‌ను పువ్వుగా కోసినా, అన్నం మీద నల్ల నువ్వులతో కళ్ళు పెట్టినా అది ముచ్చట. దానికి ఎవరూ అడ్డు చెప్పనక్కర్లేదు. కానీ ఆ కళ్ళు పెట్టే పని పిల్లకే అప్పజెబితే ఇంకా మంచిది. తన డబ్బా తాను సర్దుకోవడం నేర్చిన పిల్ల, బొమ్మలు మానేసిన వయసులో కూడా కూరకు చోటు వదులుతుంది.