ఐదొందల రియాళ్ళలో కారు పాట

కిందటి శీతాకాలంలో మా నాన్నగారు ఫ్యామిలీ విజిట్ వీసా మీద రాజమండ్రి నుంచి మా దగ్గరికొచ్చారు. మేముండేది జెద్దాలో, అల్ అజీజియాలో. మక్కాలోనూ, రియాద్‌లోనూ, ఖోబర్ దగ్గరా కూడా అజీజియాలు ఉన్నాయి కాబట్టి ఊరి పేరు చెప్పక తప్పదు. మనవాళ్ళూ, పాకిస్తానీలూ కుటుంబాలతో బాగా ఉండే పేట ఇది.

వచ్చిన రెండో శుక్రవారం తాయిఫ్ బయల్దేరాం. దారిలో ఆయన కోసమే ఎక్కించిన ఘంటసాల పాటలు పెట్టాను. అరగంట విన్నాక, "ఒరే, మోత వినపడుతోంది గానీ మాట తెలియట్లేదురా" అన్నారు. వాల్యూమ్ పెంచాను. "ఇప్పుడు మోత ఎక్కువైంది" అన్నారు. నలభై ఏళ్ళు బళ్ళో తెలుగు పాఠాలు చెప్పిన మనిషి. ఆయనకు పాటంటే సాహిత్యమే. నెలన్నరలో వెళ్ళిపోతారు. ఈలోగా ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

మర్నాడు సాయంత్రం కారు ఆడియో షాపుకెళ్తే, అక్కడున్న భాయ్ నా మాట సగం వినకుండానే డిక్కీలో పెట్టే పన్నెండంగుళాల సబ్‌వూఫరూ, దానికో యాంప్లిఫయరూ చూపించి పదిహేనొందల రియాళ్ళన్నాడు. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ సెడాన్, మనసులో ఉన్న బడ్జెట్ ఐదొందల రియాళ్ళు. రియాల్ 1986 నుంచీ డాలరుకు 3.75 దగ్గరే కట్టేసి ఉంది కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్ళు సుమారు 133 డాలర్లని చదువుకోండి. ఆలోచించి వస్తానని చెప్పి బయటపడ్డాను. ఆ ఆలోచించడమే మంచిదయింది.

కారులో పాట ఎందుకు చెడుతుందో చూద్దాం. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో టైర్ల రొద, ఇంజన్ రొద ఎక్కువగా కింది స్థాయి ధ్వనులే. కింది స్థాయి ధ్వని గట్టిగా ఉంటే దాని పైనున్న ధ్వనుల్ని కప్పేస్తుంది, మన చెవి తీరే అంత. మాటలో అచ్చుల బలమంతా కింద, మధ్య స్థాయిల్లో ఉంటే, హల్లుల తేడాలు చాలావరకు పైన, 2000 హెర్ట్‌జ్ దాటాక ఉంటాయి. స, శ, త, క లాంటివి మరీను. వయసుతో మొదట తగ్గేది ఆ పై స్థాయి వినికిడే. అంటే నాన్నకు అచ్చులు చేరుతున్నాయి, హల్లులు చేరట్లేదు. దాన్నే ఆయన మోత అన్నారు. దీనికి సబ్‌వూఫర్ పెట్టడమంటే జ్వరమొచ్చినవాడికి దుప్పటి మీద దుప్పటి కప్పడం.

కాబట్టి మొదటి మందు ఉచితం. లౌడ్‌నెస్ బటన్ ఆపేశాను. బేస్ మూడు మెట్లు తగ్గించి, ట్రెబుల్ రెండు మెట్లు పెంచాను. ఫేడర్‌ని ముందుకు జరిపాను, వెనక సీటు వెనకనుంచి వచ్చే పాట ముందు కూర్చున్నవాళ్ళకు పెద్దగా ఉపయోగపడదు. సిగరెట్ లైటర్లో గుచ్చే ఎఫ్‌ఎమ్ ట్రాన్స్‌మిటర్ పీకేసి ఫోన్‌ని ఆక్స్ వైరుతో కలిపాను. ఎఫ్‌ఎమ్ దారిలో 15 కిలోహెర్ట్‌జ్ పైన ఏమీ రాదు, దానికితోడు పక్క స్టేషన్ల గరగర. వీటికి ఒక్క రియాల్ ఖర్చు కాలేదు గానీ సగం రోగం కుదిరింది. మీరూ ముందు ఇవి చేసి, ఓ వారం విని, ఆ తరవాతే పర్సు తియ్యండి. ఒకేసారి నాలుగు మార్పులు చేసి ఏది పనిచేసిందో తెలీక జుట్టు పీక్కోవడం మన వృత్తిలో అందరికీ అనుభవమే కదా!

ఇక ఖర్చు పెట్టాల్సింది ముందు తలుపుల స్పీకర్ల మీద. మధ్య ధరల కార్లలో కంపెనీ పెట్టేవి సాధారణంగా చిన్న అయస్కాంతం, పల్చటి పేపర్ కోన్ ఉన్న చవకరకాలు. చాలా వాటిలో ట్వీటరే ఉండదు, ఉన్నా పేరుకే. పైగా ఇక్కడి ఎండ. నలభై డిగ్రీల్లో నిలిపిన కారు లోపల అరవై దాటడం మామూలే. కోన్ చుట్టూ ఫోమ్ అంచు ఉన్న స్పీకరయితే కొన్నేళ్ళకు ఆ అంచు పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఉన్నవే కొనండి.

కొనేటప్పుడు డబ్బా మీది వాట్లను నమ్మకండి. సరదాగా ఓ లెక్క చేద్దాం. ఇంజన్ నడుస్తుండగా కారు కరెంటు సుమారు 14.4 వోల్టులు. హెడ్ యూనిట్ లోపలి మామూలు యాంప్లిఫయర్ చిప్ అంతకుమించి శిఖరం ఎక్కలేదు. సైన్ తరంగానికి ఆర్‌ఎమ్‌ఎస్ విలువ దాన్ని 1.414తో భాగిస్తే వస్తుంది, 10.2 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకర్లో 10.2×10.2÷4, అంటే 26 వాట్లు. నష్టాలు పోను చేతికందేది ఇంకా తక్కువ, 15 నుంచి 20. మరి డబ్బా మీద '50×4' ఎలా వచ్చింది? 14.4×14.4÷4 చేసి చూడండి, 52 వస్తుంది. అంటే తరంగం తల పూర్తిగా తెగిపోయి చతురస్రమైపోయినప్పటి లెక్క! ఆ స్థాయిలో పాట వినేవాళ్ళెవరూ ఉండరు. అమెరికాలో ఈ గొడవ తట్టుకోలేకే 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణం తెచ్చారు. 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, వక్రీకరణ ఒక శాతం మించకుండా ఎన్ని వాట్లో అదే రాయాలి. అది పాటించడం ఇష్టమైనవాళ్ళకే.

ఉన్న పదిహేను వాట్లతోనే పని జరగాలంటే చూడాల్సింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపవ్వాలి. కాబట్టి 86 ఉన్న స్పీకరు 60 వాట్లతో చేసే పని, 92 ఉన్నది 15 వాట్లతోనే చేస్తుంది. యాంప్లిఫయర్ కొనకుండా కొన్నట్టే. నేను తీసుకున్నది 6.5 అంగుళాల కోయాక్సియల్ జత, సెన్సిటివిటీ 92, మధ్యలో ఉన్న ట్వీటర్ అటూ ఇటూ తిరిగే రకం. తలుపులో స్పీకరుండేది మోకాళ్ళ కింద. పై స్థాయి ధ్వని టార్చిలైటు లాంటిది, ఎటు తిప్పితే అటే పోతుంది. దాన్ని మొహం వైపు తిప్పగలిగితే హల్లులు దక్కుతాయి.

అన్నట్టు, కొనేముందు కిటికీ అద్దం పూర్తిగా దించి లోతు కొలవండి. అయస్కాంతం అద్దానికి తగిలితే అంతే సంగతులు. జపాన్ కార్లలో చాలావాటికి కంపెనీ స్పీకరు ఎత్తయిన ప్లాస్టిక్ చట్రంతో కలిసి ఉంటుంది, కొత్తదానికి విడిగా రింగు కావాలి.

స్పీకరు కన్నా ముఖ్యమని నాకు తరవాత తెలిసింది తలుపు. కోన్ ముందుకు తోసిన గాలికి ఉల్టాగా వెనక గాలి కదులుతుంది. తలుపు లోపలి రేకుకున్న పెద్ద పెద్ద కన్నాల్లోంచి ఆ వెనక గాలి బయటికొచ్చి ముందుదానితో కలిస్తే రెండూ కొట్టుకుపోతాయి, గొంతు పీలగా అవుతుంది. ఆ కన్నాలు మూసి, బయటి రేకుకు వెనకనుంచి బ్యూటైల్ షీటు అంటించాలి. షాపుల్లో చవగ్గా తారు షీట్లు కూడా ఉంటాయి. ఈ దేశంలో అవి వద్దు, ఎండకు మెత్తబడి జారి తలుపు అడుక్కి చేరతాయి. అడుగునుండే నీళ్ళ కన్నాలు మాత్రం మూయకండి. జెద్దాలో వానేమిటంటారా? 2009 నవంబరు వరద చూసినవాళ్ళు అలా అనరు.

నాకైన ఖర్చు: స్పీకర్లు 220, షీటు 90, రింగులు 30, వైర్లు కొయ్యకుండా కలిపే అడాప్టర్లు 25, కూలి 60. మొత్తం 425 రియాళ్ళు.

ఆ కూలి దగ్గరే చిక్కొచ్చింది. ఈసారి వెళ్ళింది వేరే షాపుకి. అడాప్టర్లు చేతికిచ్చి, టీ తాగొచ్చేలోగా అక్కడి కుర్రాడు ఓ తలుపులో కంపెనీ వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టేశాడు. ఇంటికొచ్చి పాట పెట్టాను. ట్రెబుల్ తళతళలాడుతోంది గానీ ఘంటసాల ఎక్కడున్నారో తెలీదు. నాన్న ఓ చరణం విని, "బావిలోంచి పాడుతున్నట్టుందిరా" అన్నారు. నాకు నిద్ర పట్టలేదు. 425 రియాళ్ళు పోశాక వచ్చింది బావా?

చివరికి పట్టిచ్చింది ఆ పాటే. 1974లో పోయిన ఘంటసాల పాటలు దాదాపు అన్నీ మోనో. అంటే కుడికీ ఎడమకీ వెళ్ళేది అచ్చంగా ఒకే సిగ్నల్. రెండు కోన్‌లూ ఒకేసారి ముందుకొస్తే గొంతు సరిగ్గా మధ్యలో, అద్దం ముందు నిలబడాలి. ఒకటి ముందుకీ, ఒకటి వెనక్కీ పోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పాను, గొంతు నిండుగా వచ్చింది. కుడికి తిప్పాను, నిండుగానే ఉంది. మధ్యకు తేగానే మాయం! దొంగ దొరికాడు. ఈ పరీక్షకు కొత్త స్టీరియో పాటకన్నా పాత మోనో పాట ఎంతో నయం.

రూఢి చేసుకోడానికి గోడగడియారంలోని 1.5 వోల్టుల సెల్లు తీశాను. కారు బ్యాటరీ నెగటివ్ విప్పి (తలుపు దగ్గర పసుపు రంగు కనెక్టర్లుంటే అవి ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకండి), స్పీకర్ల దగ్గర వైర్లు వదులు చేసి, హెడ్ యూనిట్ వైపు నుంచి వచ్చే వైరు రంగుల్ని వైరింగ్ చిత్రంతో పోల్చాను. సెల్లు పాజిటివ్‌ని స్పీకరు పాజిటివ్‌కి ఒక్క క్షణం ఆనిస్తే కోన్ బయటికి రావాలి. రెండూ వచ్చాయి. స్పీకర్ల మీద గుర్తులు సరైనవే, తప్పు కోసిన వైరులోనే. కంపెనీ వైర్లకు ఎరుపూ నలుపూ ఉండవు, ఆ కుర్రాడు ఊహించి కలిపాడు. టేపు విప్పి, వైర్లు తారుమారు చేసి, ఈసారి క్రింప్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. ఎండలో టేపు జిగురు కరుగుతుంది, సముద్రపు గాలికి విప్పిన రాగి నల్లబడుతుంది.

మీ కారు ఈ పదేళ్ళలోదయితే కాస్త ఆగండి. తెరలోనే ఏసీ, కెమెరా అన్నీ ఉన్నచోట హెడ్ యూనిట్ జోలికి పోవద్దు. స్పీకర్లతోనే రోడ్డు రొదని రద్దు చేసే ఏర్పాటున్న కార్లలో స్పీకర్లు మార్చినా ఆ లెక్క తప్పొచ్చు. ఉచిత మందూ, తలుపుల షీటూ మాత్రం ఎవరికైనా పనికొస్తాయి.

నాన్న వెళ్ళే ముందు శుక్రవారం మళ్ళీ తాయిఫ్ వెళ్ళాం. ఆయన మధ్యలో ఒకచోట పాట ఆపించి, అందులో ఓ సమాసానికి నేను చిన్నప్పటినుంచీ తప్పు అర్థం చేసుకున్నానని తేల్చి, విగ్రహవాక్యం చెప్పించి, మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నారు.

కంపెనీ స్పీకర్లు రెండూ మంచం కింద డబ్బాలో ఉన్నాయి. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని కారు అమ్మే రోజున మళ్ళీ వాటినే బిగించి, కొత్తవి సూట్‌కేసులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తాను.