ఏ ట్రేడు తీసుకోమంటారు?

పదో తరగతి ఫలితాలు వచ్చాక అనకాపల్లి చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో రోజంతా వినపడే ప్రశ్న ఇది. అడిగేది చాలాసార్లు పిల్లాడు కాదు, వాళ్ల నాన్నో మేనమామో. చోడవరం నుంచో మాడుగుల నుంచో బస్సెక్కి, మార్కుల మెమో, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తారు. బల్లకు ఇవతల కూర్చున్న కౌన్సెలర్‌ మాటే వాళ్లకు ఆధారం.

ఎందుకంటే ఈ దారి తెలిసిన పెద్దలు ఇంట్లో లేరు. చెరకు ఎప్పుడు నరకాలో, బెల్లం పాకం ఎప్పుడు దించాలో ఈ ప్రాంతంలో తండ్రి కొడుక్కి చెప్పగలిగేవాడు. ఇప్పుడు పని పరవాడ ఫార్మాసిటీలో, అచ్యుతాపురం సెజ్‌లో ఉంది. అక్కడ 'అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్' అనే ట్రేడులో ఏం చేస్తారో ఆ తండ్రికెలా తెలుస్తుంది? కౌన్సెలర్ తీర్చాల్సిన లోటు అదే.

ఐటీఐ చదువులకు మూలమైన వృత్తి శిక్షణ పథకం 1950లో మొదలైంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ప్రవేశపరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులే చూస్తారు. పాలిటెక్నిక్‌కైతే పాలిసెట్ రాయాలి, డిప్లొమా మూడేళ్లు. ఐటీఐలో చేరితే పైచదువు ఆగిపోతుందని బెంగపడే తల్లులకు ఒక సంగతి తప్పక చెప్పాలి: బ్రిడ్జి కోర్సు పరీక్ష గట్టెక్కితే డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఐటీఐ తర్వాత 1961 నాటి చట్టం కింద స్టైపెండు తీసుకుంటూ అప్రెంటిస్‌గా పని నేర్చుకునే వీలూ ఉంది. అంత కాలం ఆగలేని పల్లెటూరి పేద కుటుంబాలకు, 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వంటి కొద్ది నెలల ఉచిత శిక్షణలున్నాయి.

ఇక్కడే చిక్కు. కొన్నిచోట్ల కౌన్సెలర్‌కు అడ్మిషన్ల టార్గెట్ పెడతారు. సీట్లు నింపాలన్న తొందరలో సర్టిఫికెట్ ఎవరిస్తారన్న మాట దాటిపోతుంది. జాతీయ స్థాయి ప్రభుత్వ గుర్తింపు ఉందా, ఆ గుర్తింపు ఈ ట్రేడుకే ఉందా అని తల్లిదండ్రులు అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యత కౌన్సెలర్‌దే. ఒరిజినల్ టీసీ ఇచ్చేముందు, మానేస్తే తిరిగిస్తారా, ఫీజు సంగతేమిటి అన్నది కూడా తేల్చి చెప్పాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, మెమోలో ఒకలా ఉంటే ఆ రోజే సరిచేయించమనాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తర్వాత స్కాలర్‌షిప్ అక్కడే ఆగుతుంది.

భయాన్ని కూడా దాటవేయకూడదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా పరిశ్రమలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ తర్వాత కెమికల్ ట్రేడు అనగానే తల్లులు వద్దంటే వాళ్లను తప్పుపట్టలేం. ఆ కోర్సులో భద్రత పాఠాలు ఎలా చెబుతారో చూపించి, నిర్ణయం వాళ్లకే వదిలేయడం మర్యాద. ఆడపిల్లలకైతే మొదటి ప్రశ్న జీతం కాదు, బస్సు. రాత్రి షిఫ్టు ఉంటే ఊళ్లోకి ఎవరు దింపుతారు? బ్రాండిక్స్ వంటి దుస్తుల పరిశ్రమలకు ఎన్నో ఊళ్ల నుంచి ఆడవాళ్లు వెళ్తున్నారు కాబట్టి, ఇప్పటికే వెళ్తున్న ఒక అక్కతో మాట్లాడించడం వంద బ్రోచర్ల పెట్టు.

ఇదంతా అయ్యాక పిల్లాణ్ని ఒక పూట వర్క్‌షాపులో నిలబెట్టాలని నా గట్టి నమ్మకం. వెల్డింగ్ రవ్వలు చూసి వెనక్కి జరిగినవాడు మోటారు వైండింగ్ బల్ల దగ్గర గంటసేపు కదలకుండా ఉండిపోవచ్చు. అప్పుడు మేనమామను కాసేపు బయట కూర్చోమని, ప్రశ్న ఆ పిల్లాణ్నే అడగాలి.