గాలి, కాలి ఒకటి కాకూడదంటే

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ అనే పల్లె తమిళ కథకు ఇద్దరు పెద్దల్ని ఇచ్చింది: కి.రాజనారాయణన్, కు.అళగిరిసామి. ఇద్దరి ఇంటిభాషా తెలుగే. తెలుగునేల నుంచి వలసపోయిన వాళ్ల కథ 'గోపల్లపురత్తు మక్కళ్'కు కి.రా. 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. రాసింది మాత్రం తమిళంలో. కోవిల్‌పట్టి, విరుదునగర్‌ల నల్లరేగడి సీమలో నాయుళ్లు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, బడిలో దిద్దింది తమిళ అక్షరాలే. 2011 జనగణనలో తమిళనాట దాదాపు 42 లక్షల మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు.

అవ్వ పాటను మనవడు తమిళ లిపిలో రాసుకుంటే చాలదా? చాలదు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. గాలి, కాలి ఒకేలా పడతాయి. తేడా అంతా గొంతులో ఉంది. 'గ' అనేటప్పుడు నాలుక అంగిటిని విడవకముందే స్వరతంత్రులు కంపిస్తాయి. 'క'కు కంపించవు. సెకనులో పదో వంతు కూడా ఉండని ఆ కంపనాన్ని రికార్డింగు పట్టుకుంటుంది. అది గాలి ఒత్తిడిని సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది, అంటే మిల్లీసెకనుకు 48 కొలతలు. మన చెవికి వినిపించేది 20,000 హెర్ట్జ్ దాకానే కాబట్టి, దానికి రెండింతలు దాటి కొలిస్తే ఏదీ జారిపోదు.

ఖర్చా? కొలతకు 2 బైట్లు, గంటకు సుమారు 346 మెగాబైట్లు. 64 జీబీ కార్డులో 185 గంటల పాటలు పడతాయి. మామూలు ఫోను చాలు. ఫ్యాను ఆపి, అవ్వకు జానెడు దూరంలో పెడితే సగం పని అయినట్టే. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం వద్దు. అది చెవి పట్టించుకోదనుకున్న భాగాన్ని పారేసి ఫైలును కుదిస్తుంది. వేవ్ ఫైలుగా రికార్డు చేసి, డాక్యుమెంటుగా పంపాలి. రాజకంబళం నాయకర్ల దేవరాట్టం నృత్యానికైతే శబ్దం ఒక్కటే సరిపోదు. దేవదుందుభి వాద్యం దెబ్బకు అడుగు ఎక్కడ పడుతుందో వీడియోలోనే తెలుస్తుంది.

'న్యూ రికార్డింగ్ 37' అని వదిలేసిన ఫైలు నా లెక్కలో పోయినట్టే. ఊరు, తేదీ, పెళ్లిపాటా కలుపుపాటా, బయట వినిపించడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారా అన్నవి పక్కనే రాసిపెట్టాలి.

ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉన్న కార్డులో విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది. అందుకే మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద. కోవిల్‌పట్టిలో రెండుంటే ఒకటి విరుదునగర్ చుట్టాల ఇంట్లో. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఉచిత పద్ధతిలో 64 అక్షరాల గుర్తు తీసి నోటుబుక్కులో రాసుకోవాలి. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ గుర్తు దాదాపు మొత్తం మారిపోతుంది. ఏటా సంక్రాంతికి చుట్టాలు కలిసినప్పుడు మళ్లీ లెక్కగట్టి, తేడా వచ్చిన కాపీని తీసేసి, సరిపోయిన దాని నుంచి ఇంకోటి చేసుకోవచ్చు. పదో తరగతి పిల్లలకు ఇది అరగంట పని.