రక్తం తాగిన దోమ బరువు దింపుకునేదెలా?

న్యూఢిల్లీ: సివిల్ సర్వీసుల శిక్షణ కోసం వచ్చిన తెలుగు విద్యార్థులు ఎందరో ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అద్దె గదుల్లో ఉంటారు. ఆ గదుల కిటికీలకు బిగించిన కూలర్లలో వేసవి ముగిశాక కూడా నీరు నిలిచిపోతుంది. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టి దోమ గుడ్లు పెట్టడానికి ఆ కాస్త నీరు చాలు. పైగా అది పగటిపూట కుట్టే దోమ. చదువులో మునిగినవారి కాళ్లు బల్ల కింద దానికి సులువుగా దొరుకుతాయి. 1996లో ఢిల్లీలో డెంగీ 10,252 మందికి సోకి 423 మందిని బలిగొంది.

ఆడదోమ ఒక్క విడతలో తన శరీర బరువును మించిన రక్తాన్ని పీల్చుకోగలదు. అంత బరువుతో ఎగరడం కష్టం. గోడ మీద కూర్చున్నా మనిషి చేతికి చిక్కడం ఖాయం. అందుకే కుడుతూ ఉండగానే, లేదా ఆ వెంటనే, అది మూత్రం విసర్జించడం మొదలుపెడుతుంది. పీల్చిన ప్లాస్మాలోని నీటిలో దాదాపు 40 శాతం రెండు గంటల్లోపే బయటికి పోతుంది.

ఈ పని చేసేవి మాల్పీజియన్ నాళికలు. పట్టుపురుగుపై 1669లో గ్రంథం వెలువరించిన ఇటలీ వైద్యుడు మార్సెల్లో మాల్పీగీ పేరిట వాటిని అలా పిలుస్తారు. దోమకు ఇవి ఐదు. మన మూత్రపిండాల్లో గుండె కల్పించే ఒత్తిడికి రక్తం వడపోతకు గురవుతుంది. కీటకాలకు అంతటి రక్తపీడనం లేదు కనుక వడపోత సాధ్యం కాదు. నీటిని నాళికలోకి రప్పించాలి. అందుకు ముందుగా లవణాలను అక్కడికి చేర్చాలి.

నాళిక కణాల లోపలి అంచున వి-ఏటీపేజ్ అనే ప్రోటీన్ పంపులా పనిచేస్తుంది. కణంలోని శక్తిని ఖర్చు చేసి హైడ్రోజన్ అయాన్లను నాళికలోకి నెడుతుంది. పక్కనున్న మరికొన్ని ప్రోటీన్లు ఆ హైడ్రోజన్‌ను వెనక్కి తీసుకుని, బదులుగా సోడియం, పొటాషియం అయాన్లను లోపలికి పంపుతాయి. వాటి వెంట క్లోరైడ్, దాని వెంట నీరు వెళతాయి. రక్తం కడుపులో పడగానే విడుదలయ్యే హార్మోన్లు ఈ వేగాన్ని అమాంతం పెంచుతాయి. ముందు పోయేది ప్లాస్మాలోని సోడియం. ఎర్ర రక్తకణాలు జీర్ణమవుతున్న కొద్దీ వాటిలోని పొటాషియం వంతు వస్తుంది.

ఢిల్లీ దోమల విషయంలో ఈ వివరాలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మనం ఎక్కువగా వాడే పైరెథ్రాయిడ్ మందులు దోమ నాడీకణాల్లోని సోడియం ద్వారాలకు అతుక్కుని దాన్ని చంపుతాయి. అవీ అయాన్లను దాటించే ప్రోటీన్లే. ఆ ద్వారాల జన్యువులో రెండు మార్పులు ఢిల్లీ ఏడిస్ దోమల్లో ఉన్నట్లు 2015లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందులో ఒకటి అంతవరకు ఎక్కడా నమోదు కానిది. ద్వారం ఆకృతి మారితే మందు పట్టు సడలుతుంది. అలాంటప్పుడు మందు మోతాదు పెంచడం కన్నా మరో ద్వారాన్ని వెతకడమే మేలు.

వి-ఏటీపేజ్‌నే ఆపేస్తే సరిపోదా? ఆ పంపు మన మూత్రపిండాల్లో, ఎముకల్లో కూడా ఉంది; దాన్ని ఆపే మందు మనకూ విషమే. అందుకే పరిశోధకులు నాళికల్లోని ‘కిర్1’ అనే పొటాషియం ద్వారాన్ని ఎంచుకున్నారు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ బృందం, సహచరులు 2016లో వెల్లడించిన వీయూ041 అనే అణువు పైరెథ్రాయిడ్లకు లొంగని దోమలను కూడా చంపింది, తేనెటీగలకు మాత్రం ప్రాణహాని చేయలేదు. అయితే ఇదే కుటుంబానికి చెందిన ఒక ద్వారం మనిషి గుండెలో ఉంది. వీయూ041 దాన్ని కూడా అడ్డుకోవడంతో, ఆ లోపం లేని మరో రూపాన్ని వారు తయారు చేశారు. ఇదంతా ప్రయోగశాల స్థాయి ఫలితమే.

కూలర్ నీటిలో ఈదే లార్వా దగ్గర మాత్రం ఇదే పంపు ఇప్పటికే మనకు ఉపయోగపడుతోంది, అదీ దానికి తెలియకుండా! లార్వా మధ్య ఆహారనాళపు ముందు భాగంలో వి-ఏటీపేజ్ సాయంతో పీహెచ్ 10 దాటుతుంది. అంటే సబ్బునీటిని మించిన క్షారం. 1976లో ఇజ్రాయెల్‌లో గుర్తించిన బీటీఐ అనే బ్యాక్టీరియా తయారుచేసే విషస్ఫటికం ఆ క్షారంలోనే కరుగుతుంది. లార్వా ఎంజైములు దాన్ని ముక్కలు చేయగానే విషం పేగు కణాల పొరకు చిల్లులు పెడుతుంది. అయాన్లు అదుపు తప్పి, నీరు చొరబడి, కణాలు ఉబ్బి పగిలిపోతాయి. మన జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం. లార్వా పేగులోని క్షారం గానీ, ఆ విషాన్ని పట్టుకునే గ్రాహకాలు గానీ మనకు లేవు. దేశంలో నిల్వ నీటిపై ఈ బీటీఐని లార్వానాశినిగా వాడుతున్నారు.