పాత మరకు కొత్త బోల్టు

కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులలో తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజను బాగా తగ్గిపోతుంది. ఆ వేళ నీటి పంపు ఆగితే చేపలకు ప్రాణాపాయం. పంపు మూతకున్న బోల్టు ఒకటి ఊడి పోయిందనుకొందాము. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో అదే లావుగల బోల్టు కొని తెచ్చారు. అది రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. కారణమేమి?

పాత ఆయిల్ ఇంజన్లు, పంపులు పెక్కు బ్రిటిషు నమూనాలో, అంగుళాల కొలతతో తయారయినవి. మరచుట్ల కోణం 55 డిగ్రీలుండాలని, ఏ లావు బోల్టుకు అంగుళానికి ఎన్ని చుట్లుండాలో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించాడు. మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956 నాటి చట్టం దారితీసింది. మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు.

బోల్టును ఒక పూర్తి చుట్టు తిప్పినప్పుడు అది ముందుకు జరిగే దూరాన్ని మర భ్రమణాంతరం అంటారు. 5/16 అంగుళం విట్‌వర్త్ బోల్టు వ్యాసం 7.94 మి.మీ.; మెట్రిక్ బోల్టుది 8 మి.మీ. కంటికి రెండూ ఒకటే. కాని మొదటిదానికి అంగుళానికి 18 చుట్లు, అనగా భ్రమణాంతరం 1.41 మి.మీ.; రెండవదానికి 1.25 మి.మీ. ఒక్కొక్క చుట్టుకు తేడా 0.16 మి.మీ. మాత్రమే. అయిదు చుట్లకు అది 0.8 మి.మీ. అవుతుంది. అప్పటికి బోల్టు గట్టు గాడిలో కూర్చొనక గట్టుకే ఎదురవుతుంది. బలవంతంగా తిప్పితే పోత ఇనుములోని మర చెడిపోతుంది. బోల్టు ఖరీదు కొద్ది. చెడిన పంపు ఖరీదు పెద్దది.

రంధ్రాల మధ్య దూరం విషయంలోనూ ఇదే సూత్రం. పాత మూతకు 3 అంగుళాల కొకటి చొప్పున నాలుగు రంధ్రాలుంటే, మొదటిదానికీ చివరిదానికీ నడుమ దూరం 228.6 మి.మీ. కొత్త మూతకు 75 మి.మీ. కొకటి చొప్పున వేస్తే 225 మి.మీ. మాత్రమే. మొదటి బోల్టు సరిపోయినా, చివరి రంధ్రం 3.6 మి.మీ. పక్కకు తప్పుతుంది.

రంధ్రాల కేంద్రాలు కంటికి కనబడవు. రెండు సమాన రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి, దానికి ఒక రంధ్రపు వ్యాసం కలిపితే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. మరను గుర్తించడానికి, పాత బోల్టుపై కాగితాన్ని వేలితో అదిమి, ఒక అంగుళంలో పడిన గీతలను లెక్కించాలి. 18 వస్తే అంగుళపు మర. 20కి కాస్త పైన వస్తే మెట్రిక్ మర. విద్యార్థులు బడిలోనే ఈ పరీక్ష చేయవచ్చు. కొనేముందు పాత బోల్టును దుకాణానికి తీసికొని పోవడం అన్నిటికన్న మేలు.