ఉల్కాశిలల్లో కర్బనం

2022 ఏప్రిల్ 2వ తేదీ సాయంత్రం మహారాష్ట్ర ఆకాశంలో నిప్పుగీతలు కనిపించాయి. చుక్క తెగిపడిందని కొందరు, ఉల్కలు రాలాయని మరికొందరు అనుకున్నారు. ఆ రాత్రి చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలోని లాడ్‌బోరి గ్రామంలో పెద్ద లోహపు వలయం ఒకటి దొరికింది. అది మనుషులు తయారుచేసినదే. చైనా రాకెట్టు భాగమై ఉంటుందని నిపుణులు చెప్పారు. ఆకాశం నుంచి పడినదల్లా ఉల్క కాదు. ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో పరీక్షించి తేల్చుకోవాలి.

అంతరిక్షంలోని రాళ్లు భూమి వాతావరణంలోకి దూసుకువచ్చి వేడెక్కి వెలుగుతాయి. అవే ఉల్కలు. పూర్తిగా కాలిపోకుండా నేలకు చేరిన రాయిని ఉల్కాశిల అంటారు. కొన్ని ఉల్కాశిలలు బొగ్గులా నల్లగా ఉంటాయి. వాటిలో కర్బనం ఉంటుంది. ఆ కర్బనం ఎక్కడిది?

ఉప్పర్వాహి పరిసరాలలో సిమెంటు కోసం తవ్వే సున్నపురాయిలోనూ కర్బనం ఉంది. అయితే అది ఖనిజ రూపంలో ఉంటుంది. అదే జిల్లా గనులలోని బొగ్గు కోట్ల ఏళ్ల కిందటి మొక్కల నుంచి ఏర్పడింది. కర్బనం హైడ్రోజన్‌తోను, తరచు ఆక్సిజన్, నైట్రోజన్‌లతోను కలిసి ఏర్పడే సమ్మేళనాలను సేంద్రియ పదార్థాలు అంటారు. ఇవి జీవుల నుంచే రావాలన్న నియమం లేదు. జీవం లేనిచోట కూడా ఏర్పడగలవు.

1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ పట్టణం వద్ద ఒక ఉల్క పేలి ముక్కలుగా పడింది. 100 కిలోలకు పైగా శకలాలను ఏరారు. శ్రీలంకలో పుట్టిన శాస్త్రవేత్త సిరిల్ పొన్నంపెరుమ, ఆయన సహచరులు అమెరికాలో వాటిని పరీక్షించి, అందులో అమైనో ఆమ్లాలు ఉన్నాయని 1970లో ప్రకటించారు. మన శరీరంలోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతోనే నిర్మితమవుతాయి.

అవి నేల మీదనో, పట్టుకున్నవారి చేతుల నుంచో అంటుకున్నవి కావచ్చు కదా! ఈ అనుమానం సహజమే. 1864లో ఫ్రాన్సులో పడిన ఒర్గేయ్ ఉల్కాశిల ముక్క ఒకటి గాజుసీసాలో భద్రంగా ఉండేది. నూరేళ్ల తరువాత పరిశీలిస్తే, ఎవరో అందులో మొక్క విత్తనాలను, బొగ్గు తునకలను జిగురుతో అతికించారని బయటపడింది.

మర్చిసన్ విషయంలో గట్టి ఆధారాలు దొరికాయి. చాలా అమైనో ఆమ్లాలు కుడిచేయి, ఎడమచేయి వలె రెండు రూపాలలో ఉంటాయి. జీవులు మాంసకృత్తులలో వాడేది ఎడమ రూపాన్నే. ఉల్కాశిలలో రెండు రూపాలూ దాదాపు సమంగా ఉన్నాయి. భూమి మీది జీవులలో అరుదైన అమైనో ఆమ్లాలూ కనిపించాయి. కాబట్టి అవి జీవుల నుంచి వచ్చినవి కావు.

మరి అవి ఎలా పుట్టాయి? నక్షత్రాల మధ్య ఉండే ధూళి మేఘాలలో చలి అత్యధికం. అక్కడ ధూళి రేణువుల మీద నీరు, అమ్మోనియా వంటివి మంచుగా పేరుకుంటాయి. అతినీలలోహిత కిరణాలు తగిలి ఆ మంచులో కొత్త సమ్మేళనాలు ఏర్పడతాయి. సుమారు 456 కోట్ల ఏళ్ల కిందట ఇటువంటి మేఘం నుంచే సూర్యుడు, గ్రహాలు, గ్రహశకలాలు పుట్టాయి. కొన్ని గ్రహశకలాల లోపల రేడియోధార్మిక పదార్థాల వేడికి మంచు కరిగింది. ఆ నీటిలో రసాయన చర్యలు జరిగి అమైనో ఆమ్లాలు తయారయ్యాయి. అయితే కర్బనంలో ఎక్కువ భాగం దేనిలోనూ కరగని నల్లని పదార్థంగానే మిగిలింది.

వేడి మితిమీరితే సేంద్రియ పదార్థం నిలవదు. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన ఉల్కాశిల అంతరిక్షంలోనే బాగా వేడెక్కిన జాతికి చెందినది. 2017 జూన్ 6న రాజస్థాన్‌లోని ముకుందపురాలో పడినది మర్చిసన్ జాతికి చెందిన నల్లరాయి. రెండూ ఆకాశం నుంచి వచ్చినవే అయినా వాటి చరిత్రలు వేరు.

నేల తగలని నమూనా దొరికితే అనుమానానికి తావు తగ్గుతుంది. అందుకే శాస్త్రవేత్తలు గ్రహశకలాల వద్దకే నౌకలను పంపారు. 2023 సెప్టెంబరు 24న అమెరికా నౌక బెన్ను అనే గ్రహశకలం నుంచి 121.6 గ్రాముల మట్టిని భూమికి చేర్చింది. జీవులు మాంసకృత్తులకు వాడే 20 అమైనో ఆమ్లాలలో 14 అందులో ఉన్నాయని 2025లో వెల్లడైంది.

ఇటుకలు ఉన్నంత మాత్రాన ఇల్లు లేచినట్లు కాదు. అలాగే అమైనో ఆమ్లాలు ఉన్నంత మాత్రాన జీవం ఉన్నట్లు కాదు. కాని జీవానికి కావలసిన ముడిసరుకు భూమికంటే ముందే అంతరిక్షంలో తయారవసాగిందని ఈ నల్లరాళ్లు చెబుతున్నాయి.